చాంతాడంత జాబితా, అరచేతంత తెర

2019 డిసెంబరులో చేబ్రోలు పేరు పత్రికలకెక్కింది. ఆ ఊరి భీమేశ్వరాలయం ఆవరణలో బయటపడిన ఒక రాతి శాసనం శాతవాహన రాజు విజయుడి కాలానిదనీ, సా.శ. 207 నాటిదనీ, దక్షిణాదిలో అప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో అదే పాతదనీ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ శాసన విభాగం ప్రకటించింది. సప్తమాతృకల ఆరాధనకు సంబంధించిన తొలి ఆధారాల్లో ఒకటిగా దాన్ని చెప్పారు. చేబ్రోలుకు తాంబ్రాప అనే పాత పేరు ఉందని కూడా అందులోంచే తెలిసింది. అదే ఊళ్లో కాకతి గణపతిదేవుడి సేనాని, నృత్తరత్నావళి రాసిన జాయప వేయించిన 13వ శతాబ్దపు శాసనమూ ఉంది. మొదటిది కొద్ది పంక్తులు. జాయపది వంశావళితో, దానాలతో సాగే పెద్ద పాఠం.

ఇలాంటివన్నీ ఒకచోట చేర్చి ఫోనులో చదువుకునేలా వెబ్‌లో పెట్టాలని ఎవరైనా పూనుకున్నారనుకుందాం. చేబ్రోలు మండలంలోనే వడ్లమూడిలో విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉంది కనుక, అక్కడి కంప్యూటర్ విద్యార్థికి ఇది మంచి ప్రాజెక్టు. ఊరికి పరిమితం కాకుండా రాష్ట్రంలో దొరికిన తెలుగు, సంస్కృత శాసనాలు 5,000 పోగుచేశాడు. ఒక్కో శాసనానికి ఒక పెట్టె. అందులో ఫొటో, ఊరు, కాలం, దాత పేరు, మూలపాఠం, కింద నొక్కితే తెరుచుకునే తాత్పర్యం. తన ల్యాప్‌టాప్‌లో 30 శాసనాలతో చూసుకుంటే పేజీ హాయిగా నడిచింది. 5,000 పెట్టగానే ఫోను వేడెక్కింది, వేలు ఆడించిన అర సెకనుకు గాని పేజీ కదలలేదు. మధ్యలో తెల్లటి ఖాళీ కూడా కనిపించింది.

సామాను పెద్దదైంది కాబట్టి బరువు పెరిగిందని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ 5,000 శాసనాల అక్షరాలన్నీ కలిపినా ఒక చిన్న వీడియోకు సరిపోవు. ఇబ్బంది సమాచారం పరిమాణంలో లేదు, దాన్ని తెరమీద పెట్టే తీరులో ఉంది.

బ్రౌజరు చేసే పని ఒకసారి చూడాలి. పేజీలోని ప్రతి ముక్కకూ, అంటే పెట్టెకూ బొమ్మకూ పేరుకూ మీటకూ, బ్రౌజరు తన జ్ఞాపకంలో ఒక వస్తువును తయారుచేసి చెట్టులా అల్లుకుంటుంది. దాన్నే డామ్ అంటారు. తర్వాత ఏ ముక్కకు ఏ రంగు, ఏ అక్షరం సైజు అని తేలుస్తుంది. ఆ తర్వాత ఏది ఎక్కడ కూర్చోవాలి, ఎంత ఎత్తు ఎంత వెడల్పు అని కొలుస్తుంది. ఈ కొలతలనే లేఅవుట్ అంటారు. చివరకు రంగులు వేసి, పొరలు కలిపి తెరకు పంపుతుంది. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో మార్పుకు, ఒక్కో ఫ్రేముకు, దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. ఈమధ్య వచ్చే 120 హెర్ట్జ్ ఫోన్లలో అందులో సగమే. పని ఆ వ్యవధిలో తెమిలితే స్క్రోలింగ్ నీళ్లలా సాగుతుంది. తెమలకపోతే ఒక ఫ్రేము ఎగిరిపోతుంది, అలా నాలుగు ఎగిరిపోతే కంటికి కుదుపు తెలిసిపోతుంది.

మన విద్యార్థి పెట్టెలో ముక్కలు ఒక డజను ఉన్నాయనుకుంటే, 5,000 పెట్టెలకు 60,000. పేజీల ఆరోగ్యం పరీక్షించే గూగుల్ సాధనం లైట్‌హౌస్ ఏళ్ల తరబడి 800 దాటితేనే హెచ్చరించేది, 1,400 దాటితే తప్పుగానే లెక్కేసేది. ఆ అంకెలను వేదవాక్కులా పట్టుకోనక్కర్లేదు గాని, 60,000 అన్నది ఏ లెక్కన చూసినా తడిసి మోపెడు.

అందరికీ ముందు తోచే విరుగుడు విడతలు. మొదట 20 శాసనాలు తెచ్చి చూపించడం, చదివేవాడు అడుగుకు చేరుతుండగా ఇంకో 20 తేవడం. ఆజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో దీనికి రూపమిచ్చాడు. ఫేస్‌బుక్, ట్విట్టర్‌ల ద్వారా ఇది లోకమంతా పాకింది. దానివల్ల జనం ఫోన్లకు అతుక్కుపోయారని తర్వాత ఆయనే బాధపడ్డాడు, అది వేరే కథ.

విడతలుగా తేవడంలో ఉన్న తిరకాసులు బయటికి కనిపించవు. మొదటిది, అడుగు దగ్గరపడిందని తెలుసుకోవడం. పాత పద్ధతిలో స్క్రోల్ కదిలిన ప్రతిసారీ జావాస్క్రిప్ట్ లేచి, ఎంత దూరం వచ్చామో కొలిచేది. కొలవమని అడిగినప్పుడల్లా బ్రౌజరు చేస్తున్న పని ఆపి లేఅవుట్ లెక్క సరిచూసుకోవాలి. సెకనుకు పదుల సార్లు అదే తంతు. 2016లో క్రోమ్ 51తో ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ వచ్చాక ఈ బాధ తీరింది. జాబితా చివర కంటికి కనబడని చిన్న గీత ఒకటి పెట్టి, అది తెరకు 600 పిక్సెళ్ల దూరంలోకి రాగానే చెప్పమని బ్రౌజరుకే అప్పగిస్తాం. 2017లో ఫైర్‌ఫాక్స్, 2019లో సఫారీ కూడా దీన్ని అందుకున్నాయి. ఈరోజుకీ స్క్రోల్ సంఘటనకు వేలాడే కోడ్ కొత్తగా రాసేవాళ్లు ఉన్నారు. ఎందుకో అర్థం కాదు.

రెండోది, తెచ్చినవాటిని చేర్చడం. కొత్తగా నేర్చుకునేవాళ్లు పాత పేజీ పాఠానికి కొత్త పాఠాన్ని అతికించి, మొత్తాన్ని మళ్లీ ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌లో, అంటే జాబితా లోపలి పాఠమంతా ఉండే చోట, పెడతారు. ఒక్క పంక్తి కోడ్, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాని అర్థం మాత్రం ఉన్నవాటిని కూలగొట్టి, పాతవీ కొత్తవీ కలిపి మళ్లీ కట్టడం. విడతకు 20 చొప్పున 50 విడతలు వేసి చూడండి. మొదటిసారి 20 కడతాం, రెండోసారి 40, మూడోసారి 60, చివరిసారి 1,000. అన్నీ కూడితే 25,500. వెయ్యి శాసనాలు చూపించడానికి ఇరవై అయిదున్నర వేల పెట్టెలు కట్టాం. పైగా పాతవాటిలో చదివేవాడు తెరిచి ఉంచిన తాత్పర్యాలన్నీ మూసుకుపోతాయి, ఎందుకంటే అవి ఆ పాత పెట్టెలు కావు. కొత్త 20 పెట్టెల్ని పక్కన విడిగా కట్టి, చివర ఒక్కసారి తగిలిస్తే కట్టేది అక్షరాలా వెయ్యే.

పేజీలు కట్టిపెట్టే రియాక్ట్ లాంటి జావాస్క్రిప్ట్ సరంజామా వాడేవాళ్లకు ఈ తప్పు ఈ రూపంలో రాదు, కీ అనే వేషంలో వస్తుంది. ఏ పెట్టె ఏ శాసనానిదో గుర్తుపట్టడానికి ప్రతిదానికీ ఒక గుర్తు ఇవ్వమంటుంది రియాక్ట్. చాలామంది వరుస సంఖ్యను ఇచ్చేస్తారు: ఒకటి, రెండు, మూడు. చదివేవాడు మూడో శాసనం తాత్పర్యం తెరిచి పెట్టుకున్నాడు. ఈలోగా పైన కొత్త శాసనం ఒకటి చేరింది. తెరిచి ఉన్నది ఇప్పటికీ మూడో పెట్టే. కానీ అందులోకి అంతకుముందు రెండోదిగా ఉన్న శాసనం వచ్చి కూర్చుంది. చేబ్రోలు తాత్పర్యం చదువుతున్నవాడి ముందు అమరావతి తాత్పర్యం తెరుచుకుని ఉంటుంది. వరుస సంఖ్య బదులు శాసనానికి శాశ్వతంగా ఉండే సంఖ్య ఇస్తే గొడవ లేదు.

మూడో తిరకాసు అవతలి వైపు, సర్వరులో ఉంది. మొదటి 40 వదిలేసి తర్వాతి 20 ఇవ్వు అని అడగడం సులువు. డేటాబేసుకు మాత్రం 'వదిలేయడం' అంటే వాటినీ చదివి పారేయడమే. 4,000 వదిలేయమంటే 4,000 చదువుతుంది. జాబితా లోతుకు వెళ్లేకొద్దీ నెమ్మదించడానికి కారణం ఇదే. అంతకన్నా చికాకైనది, పైన కొత్త పద్దు చేరితే కింద ఉన్నవన్నీ ఒక మెట్టు జారడం. మొదటి విడతలో 20వదిగా చూసినదే రెండో విడతలో మొట్టమొదట మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఒక పద్దు తీసేస్తే ఇంకోటి అసలు కనిపించకుండానే దాటిపోతుంది. కాబట్టి ఎన్ని వదలాలో చెప్పకుండా, ఎక్కడ ఆగామో చెప్పాలి. సా.శ. 1213, శాసనం సంఖ్య ఫలానా, దీని తర్వాతివి 20 ఇవ్వు అని. సూచిక ఉంటే డేటాబేసు నేరుగా ఆ చోటికే దిగుతుంది. కాలం ఒక్కటే చెబితే చాలదు. ఒకే ఏడాదిలో వేసిన శాసనాలు పది ఉండొచ్చు కనుక, వాటిని విడదీయడానికి సంఖ్య కూడా తోడుండాలి.

ఇక్కడే చెప్పేయాల్సిన చిన్న విషయాలు కొన్ని. ఒక విడత దారిలో ఉండగా ఇంకోటి అడగకూడదు. చదివేవాడు ఊరో కాలమో ఎంచుకుని జాబితా వడపోత మార్చినప్పుడు పాత అడగడాన్ని రద్దు చేయాలి, లేకపోతే ఆలస్యంగా వచ్చిన పాత జవాబు కొత్త జాబితా మీద పడుతుంది. గుంటూరు నుంచి చేబ్రోలు మీదుగా పొన్నూరు వెళ్లే బస్సులో కూర్చుని చూసేవాడికి సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు తిరుగుతూనే ఉండే చక్రం కన్నా 'రాలేదు, మళ్లీ ప్రయత్నించండి' అన్న మీట నయం. జాబితా అయిపోతే అయిపోయిందని చెప్పాలి.

ఇంత చేసినా మొదటి బాధ తీరలేదు, వాయిదా పడిందంతే. విడతలు పోగై పోగై ఓపికున్నవాడు 3,000వ శాసనం దాకా వెళ్లేసరికి డామ్‌లో 36,000 ముక్కలు ఉంటాయి. అసలు చికిత్స ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లీషులో దీన్ని వర్చువలైజేషన్ అంటారు, కొందరు విండోయింగ్ అంటారు. కిటికీ పద్ధతి అందాం.

చీరాల వైపు మగ్గం చూసినవాళ్లకు ఇది సులభంగా పడుతుంది. పడుగంతా వెనక దూలానికి చుట్టి ఉంటుంది, నేసిన గుడ్డ ముందు దూలానికి చుట్టుకుంటూ పోతుంది. నేతగాడి కళ్లముందు పరుచుకుని ఉండేది కొద్దిపాటి మేరే. చీర పొడవు ఎంతైనా మగ్గం పొడవు పెరగదు.

జాబితాలో అది ఎలా చేస్తారో అంకెలతో చూద్దాం. ముందు అన్ని పెట్టెల ఎత్తూ ఒకటే, 80 పిక్సెళ్లు అనుకుందాం. ఫోను తెర 640 పిక్సెళ్లు. అంటే కనిపించేవి 8. వేలు విసిరినప్పుడు ఖాళీ కనబడకుండా పైన నాలుగు, కింద నాలుగు అదనం, మొత్తం 16. 5,000 పెట్టెల మొత్తం ఎత్తు 4,00,000 పిక్సెళ్లు కనుక అంత ఎత్తున్న ఖాళీ డబ్బా ఒకటి పేజీలో పెడతాం. దానివల్ల పక్కనున్న స్క్రోల్ పట్టీ నిజమైన పొడవు చూపిస్తుంది. చదివేవాడు పైనుంచి 48,000 పిక్సెళ్లు దిగాడు. 48,000ను 80తో భాగిస్తే 600. అంటే సున్నా నుంచి లెక్కపెడితే తెర పైఅంచున ఉండాల్సింది 600వ పెట్టె. 596 నుంచి 611 వరకు పదహారింటిని మాత్రం కట్టి, డబ్బాలో వాటి వాటి ఎత్తులో నిలబెడతాం. ఇంకో 80 దిగితే 596 పోయి 612 వస్తుంది. ఎక్కడ ఆగినా డామ్‌లో ఉండేది 16 పెట్టెలే, 192 ముక్కలే. జాబితాలో 5,000 ఉన్నా 50,000 ఉన్నా ఆ అంకె మారదు.

ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు మొదటినుంచీ నడిచేది ఈ దారినే. ఆండ్రాయిడ్‌లో 2014 నుంచి ఉన్న రీసైక్లర్‌వ్యూ పేరులోనే సంగతి ఉంది: పైనుంచి జారిపోయిన పెట్టెను పారేయకుండా, కొత్త వివరాలు నింపి కిందికి తెచ్చి నిలబెడుతుంది. వెబ్‌లో రియాక్ట్ వాడేవాళ్లకు రియాక్ట్-విండో, టాన్‌స్టాక్ వర్చువల్ లాంటి సిద్ధమైన సరుకు దొరుకుతుంది. ఆ ఖాళీ డబ్బాకూ ఒక హద్దుంది. క్రోమ్‌లో ఒక ముక్క ఎత్తు సుమారు 3.3 కోట్ల పిక్సెళ్లు దాటదు. 80 పిక్సెళ్ల పెట్టెలైతే నాలుగు లక్షల పైచిలుకు దగ్గర జాబితా ఆగిపోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో హద్దు ఇంకా తక్కువ. శాసనాలకు ఆ ప్రమాదం లేదు, ఓటర్ల జాబితాకైతే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. పెట్టెలన్నీ 80 పిక్సెళ్లే అన్నది నేను సులువు కోసం చెప్పిన మాట. శాతవాహన శాసనం పెట్టె కొద్ది ఎత్తు, జాయప శాసనం పెట్టె దానికి ఎన్నో రెట్లు. తెరమీద పెట్టేదాకా ఎత్తు తెలియదు. పెట్టకుండానే ఎత్తు తెలియాలని కిటికీ పద్ధతి అడుగుతోంది. తెలుగు అక్షరాల దగ్గర ఈ చిక్కు ఇంగ్లీషుకన్నా ముదురుతుంది. ఇంగ్లీషు ఉదాహరణలు చూసి కోడ్ రాసే మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే.

'చేబ్రోలు' అన్న మాటనే తీసుకుందాం. చదివే మనకు ఇందులో మూడు అక్షరాలు: చే, బ్రో, లు. యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు: చ, ఏత్వం, బ, పొల్లు, ర, ఓత్వం, ల, కొమ్ము. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు. జావాస్క్రిప్ట్‌ను పొడవు అడిగితే 8 అంటుంది. అన్ని పెట్టెలూ ఒకే ఎత్తులో ఉండాలని పాఠాన్ని ఇన్ని 'అక్షరాల' దగ్గర కోసేస్తే ఏమవుతుందో ఈ మాట మీదే చూడొచ్చు. నాలుగింటి దగ్గర కోస్తే తెరమీద మిగిలేది 'చేబ్'. కత్తి సరిగ్గా పొల్లు తర్వాత పడింది. బ్రోను ఒకే అక్షరంగా చూడాలన్న నియమం యూనికోడ్ ప్రమాణంలోకి వచ్చింది 2023లో, 15.1 కూర్పులో. దానికి ముందు ప్రమాణం ప్రకారమే అది రెండు ముక్కలు. కాబట్టి కోతను అక్షరాల లెక్కకు వదలకుండా, మూడు పంక్తులు దాటితే దాచు అని, పేజీ రూపురేఖలు తేల్చే సీఎస్ఎస్‌కే చెప్పడం మేలు. పంక్తుల లెక్క బ్రౌజరు చూసుకుంటుంది, ఒత్తులు తెగవు.

పంక్తి ఎత్తు ఇంకో సంగతి. బ్రోలో పైన ఓత్వం, కింద క్రావడి. రోమన్ అక్షరాల కోసం లెక్కగట్టిన ఇరుకు పంక్తిలో, బయటికి వచ్చింది దాచెయ్యమన్న ఆజ్ఞతో కలిపి, తెలుగును పెడితే కింద ఒత్తు సగం తెగుతుంది. పెట్టె ఎత్తు 80కి బిగించినప్పుడు చివరి పంక్తికి జరిగేది అదే. ఫాంటు విషయమూ ఉంది. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతున్నాయి. రాయల కాలపు కవుల పేర్లు పెట్టినవి వాటిలో చాలా ఉన్నాయి, చేబ్రోలుకు పొరుగూరి పేరు మోసే 'తెనాలి రామకృష్ణ' కూడా. శీర్షికలకు బాగుంటుంది. అయితే పేజీ మొదట ఫోనులో ఉన్న ఫాంటుతో తెరుచుకుంటుంది, దిగుమతి ఫాంటు కాస్త ఆగి వస్తుంది. రాగానే అక్షరాల వెడల్పు మారి, మూడు పంక్తుల పాఠం నాలుగవుతుంది. అప్పటిదాకా కొలిచిపెట్టుకున్న ఎత్తులన్నీ గాలికి. ఫాంట్లు వచ్చాయని బ్రౌజరు కబురు చేశాకే కొలవాలి. ఫోను అడ్డం తిప్పినా మళ్లీ కొలవాల్సిందే.

కొలవకుండా పని ఎలా నడుస్తుంది? ముందు ఒక అంచనా వేసుకుంటాం, పెట్టెకు 240 పిక్సెళ్లని. కిటికీలోకి వచ్చిన పెట్టెను కట్టాక అసలు ఎత్తు కొలిచి, ఆ శాసనం సంఖ్య కింద రాసిపెట్టుకుంటాం. జాబితా మొత్తం ఎత్తు అంటే కొలిచినవాటి మొత్తం, కొలవనివాటి అంచనా. ఫలానా దూరంలో ఏ పెట్టె ఉందో ఇప్పుడు భాగహారంతో తేలదు. ప్రతి పెట్టె ఎక్కడ మొదలవుతుందో కూడికల పట్టిక ఉంచుకుని, దాన్ని సగానికి సగం కోస్తూ వెతకాలి. 5,000లో ఏ పెట్టైనా 13 చూపుల్లో దొరికిపోతుంది, పది లక్షల్లోనైనా 20 చాలు.

అంచనా తప్పినప్పుడు దిద్దుబాటు కావాలి. వాట్సాప్ లింకు పట్టుకుని ఒకాయన నేరుగా జాబితా మధ్యలోకి దిగాడు. పైన ఉన్నవి ఇంకా కొలవలేదు. ఇప్పుడు పైకి వెళ్తున్నాడు. 240 అనుకున్న పెట్టె తెరమీదకు వచ్చి చూస్తే 410 ఉంది. కిందున్నవన్నీ 170 పిక్సెళ్లు దిగిపోతాయి. చదువుతున్న పంక్తి చూస్తూ చూస్తుండగానే కిందికి జారిపోతుంది. దీనికి మందు, అదే క్షణంలో స్క్రోల్ స్థానానికీ ఆ 170 కలపడం. అప్పుడు చదివేవాడికి ఏమీ కదిలినట్టుండదు. మామూలు పేజీల్లో ఈ దిద్దుబాటును క్రోమ్ 2017 నుంచీ, ఫైర్‌ఫాక్స్ 2019 నుంచీ తామే చేస్తున్నాయి. పెట్టెల్ని మనమే లెక్కగట్టి నిలబెట్టే కిటికీ పద్ధతిలో ఆ పూచీ మనది. ఫొటోల ఎత్తు విషయంలో మాత్రం దిద్దుబాటు దాకా పోనక్కర్లేదు. ఫొటో కొలతలు సర్వరుకు ముందే తెలుసు, వాటిని పేజీలో రాసిపెడితే బొమ్మ రాకముందే దాని చోటు దానికి ఉంటుంది.

కొలతల్లో ఒక క్రమశిక్షణ ఉంది. ఒక పెట్టెను కొలవడం, వెంటనే దాన్ని జరపడం, తర్వాతిదాన్ని కొలవడం, జరపడం, ఇలా చేస్తే ప్రతి కొలతకూ బ్రౌజరు లేఅవుట్ అంతా మళ్లీ వేస్తుంది. పదహారూ ఒకేసారి కొలిచి, తర్వాత పదహారూ ఒకేసారి జరిపితే ఒక్క లేఅవుట్‌తో పోతుంది. కోడ్‌లో తేడా రెండు పంక్తుల వరుస మార్చడమే. తక్కువ ధర ఫోనులో మాత్రం తేడా చేతికి తెలుస్తుంది.

ఇంత బాదరబందీ పెట్టుకోకుండా దారి లేదా అంటే, 2020 నుంచి ఉంది. కంటెంట్-విజిబిలిటీ అనే సీఎస్ఎస్ గుణం. పెట్టెలన్నీ డామ్‌లోనే ఉంటాయి, కానీ తెరకు దూరంగా ఉన్నవాటి లోపలి లేఅవుట్, రంగుల పని బ్రౌజరు మానేస్తుంది. దగ్గరికి వచ్చినప్పుడే చేస్తుంది. దాంతోపాటు, చూడని పెట్టెకు ఇంత ఎత్తు అనుకో, చూశాక అసలు ఎత్తు గుర్తుంచుకో అని చెప్పే గుణం ఇంకోటి ఉంది. పైన మనం చేత్తో రాసుకున్న చిట్టా ఇక్కడ బ్రౌజరే రాసుకుంటుంది. క్రోమ్ 85తో మొదలై, 2024లో ఫైర్‌ఫాక్స్‌కూ సఫారీకీ వచ్చింది. డామ్ కట్టే ఖర్చు, జ్ఞాపకం ఖర్చు మాత్రం మిగిలే ఉంటాయి. కొన్ని వందల పెట్టెలకు ఇది బంగారం, 50,000 పెట్టెలకు చాలదు.

నా మొగ్గు దీనివైపే. కారణం, కిటికీ పద్ధతి చదివేవాడి దగ్గర్నుంచి కొన్ని హక్కులు లాక్కుంటుంది. పేజీలో వెతికే కంట్రోల్-ఎఫ్ నొక్కి 'నాగేశ్వర' అని కొడితే, ఆ క్షణాన కట్టి ఉన్న పదహారు పెట్టెల్లోనే వెతుకుతుంది. చేబ్రోలు నాగేశ్వరాలయం శాసనం జాబితాలో ఉన్నా లేదంటుంది. కంటెంట్-విజిబిలిటీలో ఆ బాధ లేదు, పాఠం డామ్‌లోనే ఉంది కనుక దొరుకుతుంది. చూపు లేనివాళ్లకు పేజీ చదివి వినిపించే సాధనాలకూ ఇదే ఇక్కట్టు. 5,000లో 601వది అని చెప్పాల్సినచోట 16లో 5వది అంటాయి. మొత్తం ఎన్ని, ఇది ఎన్నోది అని ప్రతి పెట్టె మీదా విడిగా రాసిపెడితేనే సరిగ్గా చెబుతాయి. కిటికీ పద్ధతి వాడేవాళ్లు సర్వరులో వెతుకులాట పెట్టె ఒకటి తప్పనిసరిగా ఇవ్వాలి.

వెనక్కి మీట సంగతి అన్నిటికన్నా ఎక్కువమందికి అనుభవం. జాబితాలో 800 పెట్టెలు దిగి, ఒక శాసనం నొక్కి, దాని పూర్తి పేజీ చదివి వెనక్కి వస్తే జాబితా మొదటి పెట్టె దగ్గర నవ్వుతూ నిలబడి ఉంటుంది. మళ్లీ 800 దిగాలి. బయటికి వెళ్లేముందు ఏ శాసనం దగ్గర ఉన్నాడో, దాని పైఅంచు తెరలో ఎక్కడ ఉందో దాచుకుని, తిరిగి రాగానే ఆ శాసనం చుట్టుపక్కల విడతను ముందు తెచ్చి అక్కడ నిలబెట్టాలి. పిక్సెళ్ల దూరం ఒక్కటే దాచుకుంటే చాలదు, ఈలోగా ఎత్తులు మారి ఉంటాయి. శాసనం సంఖ్య మారదు.

ఇదంతా విన్నాక అసలు ఈ అంతులేని జాబితా ఎందుకు అని అడగడం న్యాయమే. ఎట్సీ అనే అమెరికా అమ్మకాల సైటు 2012 ప్రాంతంలో తన వెతుకులాట ఫలితాలను పేజీల నుంచి అంతులేని స్క్రోల్‌కు మార్చి పరీక్షించింది. వెతుకులాట ద్వారా జనం కొనే వస్తువులు తగ్గాయి. మార్పును వెనక్కి తీసుకుంది. గూగుల్ కూడా 2021 అక్టోబరులో ఫోన్లలో, 2022 డిసెంబరులో కంప్యూటర్లలో ఫలితాలను ఆగకుండా సాగే జాబితాగా మార్చి, 2024లో ఆ పద్ధతిని మానుకుంది. కాలక్షేపానికి చూసే బొమ్మలకు, వార్తలకు అంతులేని జాబితా సరిపోతుంది. ఏదో ఒకదాన్ని వెతుక్కుంటూ వచ్చేవాడికి హద్దులు కావాలి. భూమి రికార్డుల సైటు మీభూమిలో అడంగల్ చూసే రైతు రాష్ట్రంలోని సర్వే నంబర్లన్నీ స్క్రోల్ చేయడు. జిల్లా, మండలం, ఊరు ఎంచుకుని, తన నంబరు కొడతాడు. పెద్ద జాబితాను వేగంగా చూపించడానికి అన్నిటికన్నా చవకైన ఉపాయం, దాన్ని చూపించాల్సిన అవసరమే రాకుండా చేయడం.

శాసనాల జాబితాకైతే నేను ఇలా చేస్తాను. ముందు రెండు ఎంపికలు, ఊరు ఒకటి, శతాబ్దం ఒకటి. పేజీకి 50 శాసనాలు, మొత్తం 100 పేజీలు, ఏ పేజీలో ఉన్నామో బ్రౌజరు చిరునామాలోనే ఉంటుంది కనుక లింకు పంపితే అవతలివాడికీ అదే పేజీ తెరుచుకుంటుంది, వెనక్కి మీటా సరిగ్గా పనిచేస్తుంది. పెట్టెల మీద కంటెంట్-విజిబిలిటీ. జాబితాలో ఊరు, కాలం, దాత, చిన్న ఫొటో మాత్రం పంపి, మూలపాఠమూ తాత్పర్యమూ నొక్కినప్పుడు తెప్పించడం. 50 పెట్టెలకు 600 ముక్కలు, లైట్‌హౌస్ పాత హద్దుకు కూడా లోపలే. రేపు ఎవరైనా ఈ శాసనాల్లోని ప్రతి మాటకూ పదసూచిక వేసి లక్షల పద్దులు తెచ్చి, ఒకే వరుసలో జరుపుకుంటూ చూడాలంటే, అప్పుడు కిటికీ పద్ధతి బయటికి తీస్తాను. పదసూచికలో ఒక్కో పద్దు ఒక్క పంక్తే కనుక ఎత్తులన్నీ సమానం. కూడికల పట్టికతో పని లేకుండా మళ్లీ భాగహారంతోనే సరిపోతుంది.